పదవుల మెట్లు, సంఘం పునాది
వి. వి. గిరి జీవితం కార్మికులకు చెప్పే పాఠం

ఆగస్టు 10 వరాహగిరి వెంకటగిరి జయంతి. రైల్వే కార్మికుల సంఘంలో నాయకత్వం నేర్చి, రాష్ట్రపతి భవనం వరకు వెళ్ళిన తెలుగువాడు ఆయన. పటానికి పూలమాల వేసి, నాలుగు ప్రశంసా వాక్యాలు పలికి సభ ముగించడం సులభమే. రైల్వే, తపాలా ఉద్యోగుల సంఘాలకు మాత్రం అది చాలదు. మన నడుమ నుండి ఒకడు అధికార పీఠం ఎక్కినప్పుడు మనకు ఒరిగేదేమిటి? అతని నుండి మనం ఆశించదగినదేమిటి, ఆశించకూడనిదేమిటి? ఈ ప్రశ్నకు గిరి జీవితమంత స్పష్టంగా సమాధానం చెప్పే జీవితం మన దేశంలో మరొకటి లేదని మా అభిప్రాయం.

ఈ ప్రశ్న బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మరింత దగ్గరగా వినిపిస్తుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ నాగపూర్ నుండి అసన్‌సోల్ వరకు వేసిన ప్రధాన మార్గం బిలాస్‌పూర్ మీదుగా సాగి 1891లో తెరుచుకున్నది. కట్నీ శాఖ ఇక్కడే చీలింది. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తయిన తరువాత ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య దూరం తగ్గింది. పొట్ట చేతపట్టుకొని వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ పట్టణంలో స్థిరపడ్డాయి. లోకో షెడ్డులో, యార్డులో, ట్రాఫిక్‌లో, గ్యాంగులలో మన భాష వినిపించింది. గిరి నాయకత్వం వహించినది ఆ రైల్వే కార్మికులకే. నాటి బి.ఎన్.ఆర్. 1944 అక్టోబరు 1న ప్రభుత్వపరమైంది. 1955లో దక్షిణ తూర్పు రైల్వేగా మారింది. 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా దక్షిణ తూర్పు మధ్య రైల్వే జోను వేరుపడింది. పేర్లు మారాయి, పట్టాలు అవే. కనుక గిరి చరిత్ర ఇక్కడివారికి పరాయి చరిత్ర కాదు.

ఆయన కూడా మనవలెనే ఎల్లల మీద పుట్టినవాడు. జన్మస్థలం బరంపురం. 1894లో అది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సాలో చేరింది. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది, కాంగ్రెస్‌వాది. కుమారుడిని కూడా న్యాయవాదిని చేయాలని 1913లో ఐర్లండుకు పంపారు. ఆ కుర్రవాడు డబ్లిన్ నగరంలో అడుగు పెట్టిన సంవత్సరమే ఆ నగర యజమానులు సంఘంలో చేరిన కార్మికులపై మహా లాకౌటు ప్రకటించారు. ట్రాములు నడిపేవారు, ఓడరేవు కూలీలు నెలల తరబడి పస్తులుండి పోరాడారు. జిమ్ లార్కిన్, జేమ్స్ కొన్నొలీ వారి నాయకులు. ఆ పోరాటం 1914 ఆరంభంలో ఓటమితో ముగిసింది. అయినా సంఘం చావలేదు. 1916 ఈస్టర్ తిరుగుబాటు విఫలమైన తరువాత కొన్నొలీని మే 12న కాల్చి చంపారు. ఐరిష్ జాతీయవాదులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో గిరిని ఆ దేశం విడిచి పొమ్మన్నారు. చట్టం చదువుకోవడానికి వెళ్ళిన యువకుడు చట్టంతోపాటు మరొక విద్యను కూడా వెంట తెచ్చుకున్నాడు. సంఘటితం కాని కార్మికుడికి చట్టం దూరపు చుట్టమే అన్నది ఆ విద్య.

స్వదేశం చేరి బరంపురంలో వకీలు వృత్తి ప్రారంభించినా అందులో ఎంతోకాలం నిలువలేదు. గాంధీజీ పిలుపు విని ప్రాక్టీసు విడిచారు. 1922లో కల్లు సారా దుకాణాల వద్ద పికెటింగు చేసి జైలుకు వెళ్ళారు. తరువాత ఆయన దృష్టి రైలు మార్గం వైపు మళ్ళింది. బరంపురం కూడా బి.ఎన్.ఆర్. మార్గం మీదనే ఉన్నది గదా! బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నిర్మించారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ వ్యవస్థాపకులలో ఒకరై, దాని నాయకత్వ బాధ్యతలు సంవత్సరాల తరబడి మోశారు. 1926లో ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. ఆ ఏడే ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. ఆ చట్టం సంఘాన్ని రిజిస్టరు చేసుకొనే హక్కు ఇచ్చిందే గాని, యజమాని ఆ సంఘంతో మాట్లాడి తీరాలని చెప్పలేదు. మాట్లాడించవలసిన భారం కార్మికుల బలం మీదనే పడింది.

ఆ బలానికి పరీక్ష 1927లో ఖరగ్‌పూర్‌లో వచ్చింది. ఆ వర్క్‌షాపులలో తెలుగు కార్మికులు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఆ ఏడు ఆరంభంలో ఒక సమ్మె జరిగింది. సెప్టెంబరులో రిట్రెంచిమెంటు కత్తి దిగింది. కార్మికులు పని ఆపివేయగా కంపెనీ లాకౌటు విధించింది. ఏడాది చివరి వరకు పోరు సాగింది. అహింస తప్పకుండా, క్రమశిక్షణ సడలకుండా ఆ పోరాటాన్ని నడిపించిన నాయకులలో గిరి ముఖ్యులు. దక్షిణాదివారు, బెంగాలీలు, హిందుస్తానీలు ఒకే వరుసలో నిలబడ్డారు. విదేశీ కంపెనీ, విదేశీ ప్రభుత్వం ఒకే పక్షాన ఉన్న రోజులలో, ఏ కార్మికుడి ఇంటిలోనూ పది రోజుల తిండిగింజలు నిలువ లేని రోజులలో అది చిన్న విషయం కాదు. ఆ 1927లోనే గిరి జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు భారత కార్మిక ప్రతినిధిగా వెళ్ళారు. 1931లో రెండవ రౌండ్ టేబుల్ సమావేశంలో పారిశ్రామిక కార్మికుల పక్షాన కూర్చున్నారు.

ఆయన ప్రతి అడుగూ అందరికీ సమ్మతమైనది కాదు. 1929లో జవాహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన నాగపూర్‌లో జరిగిన ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ మహాసభ చీలిపోయింది. విట్లీ రాయల్ కమిషన్‌ను బహిష్కరించాలని మెజారిటీ నిర్ణయించగా, ఎన్. ఎం. జోషీతోపాటు గిరి కూడా బయటికి వచ్చి వేరే ఫెడరేషన్ ఏర్పరిచారు. కమిషన్ ముందు సాక్ష్యం చెప్పితేనే కార్మికుల దుస్థితి ప్రపంచానికి తెలుస్తుందని వారి వాదం. విదేశీ సర్కారు కమిషన్ నుండి న్యాయం ఆశించడం భ్రమ అని అవతలివారి వాదం. రెండు వాదాలలోనూ కొంత నిజం ఉన్నది. కాని చీలికవల్ల కలిగిన నష్టం మాత్రం పూర్తిగా కార్మికులదే. ఆ గాయం మానడానికి పదేళ్ళు పట్టింది. 1938లో మొదలైన పునరేకీకరణ 1940 నాటికి గాని పూర్తికాలేదు. 1942లో ఏకీకృత సంస్థకు గిరి మళ్ళీ అధ్యక్షులు కావడం ఆ గాయం మానిందనడానికి గుర్తు.

1937 ఎన్నికలలో బొబ్బిలి నియోజకవర్గంలో ఆయన ఓడించినది సామాన్యుణ్ణి కాదు. సాక్షాత్తు మద్రాసు రాజధాని ప్రధానమంత్రిగా ఉన్న బొబ్బిలి రాజాను, ఆయన సొంత గడ్డమీదనే, ఓడించారు. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. యుద్ధం రాగా 1939లో ఆ మంత్రివర్గం రాజీనామా చేసింది. క్విట్ ఇండియా కాలమంతా జైలులో గడిచింది. 1946లో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గంలో మళ్ళీ కార్మిక శాఖ. 1947 నుండి 1951 వరకు సిలోనులో హైకమిషనర్ పదవి. 1952లో పాతపట్నం నుండి మొదటి లోక్‌సభకు ఎన్నికై, నెహ్రూ మంత్రివర్గంలో కార్మికమంత్రి.

గిరి చరిత్రలో మనం నిదానంగా చదవవలసిన అధ్యాయం ఇక్కడ మొదలవుతున్నది. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, వివాదాన్ని ట్రిబ్యునలుకు నిర్బంధంగా అప్పగించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. గిరికి అది రుచించలేదు. కార్మికుడూ యజమానీ ముఖాముఖి కూర్చుని మాట్లాడుకోవాలి. మాటలు విఫలమైతే ఇరుపక్షాలూ ఒప్పుకున్న మధ్యవర్తి ఉండాలి. కోర్టు తీర్పు అన్నిటికన్న చివరిది కావాలి. దీనినే ‘గిరి మార్గం’ అన్నారు. తీర్పు కోసం ఎదురుచూచే అలవాటు పడితే సంఘం బిగువు సడలుతుంది, సభ్యుడు చందా కట్టి వకీలు ముఖం చూస్తాడు, ఫలితం వచ్చేసరికి ధరలు మూడింతలవుతాయి. ఆయన ఆందోళన ఇది.

1952 అక్టోబరులో నైనీతాల్‌లో జరిగిన భారత కార్మిక మహాసభలో ఈ మార్గం చర్చకు వచ్చింది. యజమానుల సంగతి అటుంచి, పలు యూనియన్లు కూడా ఆయనతో ఏకీభవించలేదు. వారి భయం ఊహాజనితం కాదు. ఒకే పరిశ్రమలో నాలుగు సంఘాలు, ప్రతి సంఘానికీ ఖాళీ ఖజానా. అట్టివారిని ట్రిబ్యునలు నీడ కూడా లేకుండా యజమాని ముందు నిలబెడితే గతి ఏమిటన్నారు. గిరి మార్గం చట్టం కాలేదు. అయినా ఆ చర్చ నేటికీ ఉపయోగపడుతుంది. సంప్రతింపుల విధానం మంచిదే. కాని అది బలమైన, ఏకమైన సంఘానికే మంచిది. బలహీనుడు బల్ల ముందు కూర్చుంటే అది బేరం అనిపించుకోదు, అర్జీ అనిపించుకుంటుంది.

రెండేళ్ళలో మరొక పరీక్ష వచ్చింది. బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాలపై 1953లో శాస్త్రి ట్రిబ్యునలు అవార్డు ఇచ్చింది. 1954లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునలు దానిని ఉద్యోగులకు మేలు కలిగే విధంగా సవరించింది. ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని కుదించింది. ట్రిబ్యునళ్ళ మీద మోజు లేని మంత్రే గిరి. కాని నిర్బంధంగా తీర్పుకు పంపినది ప్రభుత్వం. తీర్పు తనకు నచ్చలేదని తుంచివేసినదీ ప్రభుత్వమే. కార్మికుడు మాత్రం ప్రతి తీర్పుకూ తలవంచాలట! దీనికి సంతకం పెట్టి కార్మికమంత్రిగా కొనసాగడం గిరికి సాధ్యం కాలేదు. రాజీనామా చేశారు.

ఆ రాజీనామా వృథా పోలేదు. ప్రభుత్వం విచారణ కమిషన్ వేయక తప్పలేదు. జస్టిస్ గజేంద్రగడ్కర్ నివేదిక 1955లో వచ్చింది. అప్పిలేట్ ట్రిబ్యునలు నిర్ణయాన్ని చాలావరకు పునరుద్ధరిస్తూ ఆ ఏడే పార్లమెంటు చట్టం చేసింది. అయితే ఒక సంగతి మరువరాదు. మంత్రి రాజీనామా ఒక్కటే ఈ ఫలితం తేలేదు. దేశమంతటా బ్యాంకు ఉద్యోగుల సంఘాలు కదలికలో ఉన్నాయి గనుకనే ఆ రాజీనామాకు అంత బరువు వచ్చింది. లోపల ఒకడు కుర్చీ విడిచాడు, వెలుపల వేలమంది పిడికిలి బిగించారు. రెండూ కలిసినప్పుడే ప్రభుత్వం దిగివచ్చింది.

తరువాతి కథ రాజ్యాంగ పదవుల కథ. 1957 ఎన్నికలలో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గంలో ఆయన ఓడిపోయారు. గెలిచిన ఇద్దరూ గిరిజన అభ్యర్థులే. జనరల్ స్థానం గిరిజనుడికి ఎలా దక్కుతుందన్న వివాదం సుప్రీంకోర్టు వరకు వెళ్ళి, 1959లో గిరికి ప్రతికూలంగా తేలింది. రిజర్వు స్థానం గిరిజనుడికి కనీస హక్కే గాని గరిష్ఠ హద్దు కాదన్న సూత్రం ఆ కేసులో స్థిరపడింది. వ్యక్తిగా గిరికి అది ఓటమి. అణగారినవారి హక్కుకు విజయం. ఈ మాట కూడా చెప్పుకోకపోతే మన నివాళి అసత్యమవుతుంది. ఆ తరువాత ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరు, 1967లో ఉపరాష్ట్రపతి. 1969 మే 3న జాకీర్ హుస్సేన్ మరణించగా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సు మీద సంతకం చేసి, మరునాడే పదవికి రాజీనామా ఇచ్చి స్వతంత్ర అభ్యర్థిగా ఎన్నికలలో నిలిచారు. బ్యాంకు ఉద్యోగుల కొరకు 1954లో మంత్రి పదవి విడిచినవాని చేతి సంతకంతోనే 1969లో ఆ బ్యాంకులు జాతి పరం కావడం చరిత్రలోని అరుదైన సంయోగం.

ఆగస్టు 16న ఎన్నిక జరిగింది. ప్రత్యర్థి మరొక తెలుగువాడు నీలం సంజీవరెడ్డి. మొదటి లెక్కింపులో ఎవరికీ అవసరమైన మెజారిటీ రాలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు లెక్కించిన మీదట గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 విలువగల ఓట్లు వచ్చాయి. ఆగస్టు 24న రైల్వే కార్మిక నాయకుడు భారత రాష్ట్రపతి అయ్యారు. ఆనాడు మన కాలనీలు ఆనందించడం సహజమే. మనవాడు అక్కడ ఉన్నాడన్న ధైర్యం చిన్నది కాదు.

కాని ఆ ధైర్యాన్ని చరిత్ర ఎంతవరకు నిలబెట్టిందో చూద్దాం. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రైల్వే, తపాలా ఉద్యోగులు కలిసి పోరాడిన పెద్ద సమ్మెలలో 1960, 1968 సమ్మెలు ముఖ్యమైనవి. మొదటిది 1960 జూలై 11 నుండి 16 వరకు. అప్పుడు గిరి కేరళ గవర్నరు. రెండవది 1968 సెప్టెంబరు 19న, అవసరాలకు తగిన కనీస వేతనం కొరకు జరిగిన ఒకరోజు సమ్మె, అప్పుడాయన ఉపరాష్ట్రపతి. మూడవది 1974 మే 8 నుండి 27 వరకు దేశాన్ని కదిలించిన రైల్వే సమ్మె, అప్పుడాయన రాష్ట్రపతి. తాను స్థాపించిన వారిలో ఒకడైన ఫెడరేషనుకు ఆ సమయంలో అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్. మే 2వ తేదీననే ఆయనను అరెస్టు చేశారు. వేలాదిమందిని జైళ్ళకు పంపారు, ఉద్యోగాల నుండి తొలగించారు, భార్యాబిడ్డలతో సహా క్వార్టర్ల నుండి వెళ్ళగొట్టారు. మూడు సమ్మెలలోనూ గిరి ఉన్నతాసనం మీద ఉన్నారు. మూడు సమ్మెలలోనూ అణచివేత ఆగలేదు.

దీనిని గిరి ద్రోహమని అనేవారితో మేము ఏకీభవించము. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా మేరకే నడవాలన్నది రాజ్యాంగ విధానం. ఆ సూత్రాన్ని సుప్రీంకోర్టు షంషేర్ సింగ్ కేసులో విస్పష్టంగా ప్రకటించిన తేదీ 1974 ఆగస్టు 23. మరునాడే గిరి పదవీకాలం ముగిసింది. ఎన్నుకోబడని ఇచ్ఛతో రాష్ట్రపతి ప్రభుత్వాన్ని తోసిపుచ్చగలిగితే, నేడు మనకు అనుకూలంగా కనిపించిన ఆ అధికారమే రేపు మన మెడకు ఉరి కావచ్చు. కావున ఇక్కడ నేర్చుకోవలసినది వ్యక్తి మీద ఆగ్రహం కాదు. మెట్టు ఎక్కిన కొద్దీ గౌరవం పెరుగుతుంది, చేతికి కట్లు కూడా పెరుగుతాయి. మంత్రిగా ఉన్నవాడు రాజీనామా చేసి మన పక్షాన నిలువగలిగాడు. రాష్ట్రపతిగా ఉన్నవాడికి మౌనమే ధర్మమైంది. విచిత్రమేమంటే, తపాలా శాఖ గిరి స్టాంపు విడుదల చేసినది ఆ 1974లోనే. సమ్మె గాయాలు మానని చేతులే ఆ స్టాంపు అంటించిన ఉత్తరాలను సార్టింగు చేసి పంచాయి.

తొలగించబడినవారిని ఎవరు తిరిగి తెచ్చారు? 1977లో ప్రభుత్వం మారి, మధు దండవతే రైల్వేమంత్రి కావడంతో వారికి పునర్నియామకాలు జరిగాయి. సమ్మె కోర్కెలలో ముఖ్యమైన బోనసు 1979లో ఉత్పాదకతతో ముడిపడిన రూపంలో వచ్చింది. ఓడిపోయిందని అందరూ అన్న సమ్మె ఐదేళ్ళ తరువాత ఫలించింది. డబ్లిన్ లాకౌటులో వలెనే ఇక్కడ కూడా పోరాటం ఓడినా సంఘం బ్రతికింది గనుక అది సాధ్యమైంది.

1975లో గిరికి భారతరత్న లభించింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. పేరు పెట్టడం సరే. ఆయన మార్గం ఏమైనది? ప్రభుత్వం, యజమానులు, కార్మికులు ఒకచోట కూర్చునే భారత కార్మిక మహాసభ 46వ సమావేశం 2015 జూలైలో జరిగింది. ఆ తరువాత పదేళ్ళు గడిచినా 47వ సమావేశం జరుగలేదు. ఈలోగా నాలుగు కార్మిక స్మృతులు వచ్చాయి, 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చాయి. ప్రజోపయోగ సేవలకు మాత్రమే ఉండిన సమ్మె నోటీసు నిబంధనను పారిశ్రామిక సంబంధాల స్మృతి అన్ని సంస్థలకూ విస్తరించింది. బల్ల మీద మాట తగ్గింది, కాగితం మీద ఆంక్ష పెరిగింది. 2004 జనవరి 1 తరువాత చేరినవారి పెన్షను సమస్య, 2025 ఏప్రిల్‌లో ఏకీకృత పెన్షను పథకం వచ్చిన తరువాత కూడా, అందరికీ తృప్తిగా తీరలేదు. గ్రామీణ డాక్ సేవకులు ప్రభుత్వోద్యోగి హోదా కొరకు ఎదురుచూస్తూనే ఉన్నారు. బొగ్గు రేకులు ఎడతెరపి లేకుండా కదిలే బిలాస్‌పూర్ మార్గాలపై, శాశ్వత ఉద్యోగి పక్కనే కాంట్రాక్టు కూలీ ఏ సంఘంలోనూ చేరకుండా పని చేస్తున్నాడు.

కనుక మన కర్తవ్యం స్పష్టం. రైల్వేలలో గుర్తింపు కొరకు రహస్య బ్యాలెట్ 2007లో, 2013లో, మళ్ళీ 2024 డిసెంబరులో జరిగింది. గెలిచిన సంఘమేదైనా, ఓడిన సంఘమేదైనా, బ్యాలెట్ పెట్టెలు మూసిన మరునాడు కోర్కెల జాబితా ఒక్కటే కావాలి. 1929 నాగపూరు చీలికకు పదేళ్ళ మూల్యం చెల్లించాము. మరొక పదేళ్ళు చెల్లించే స్తోమత మనకు లేదు. కాంట్రాక్టు కార్మికుణ్ణీ డాక్ సేవకుణ్ణీ సంఘం గడప లోపలికి తీసుకురావాలి. మన నుండి ఎవరైనా శాసనసభకో పార్లమెంటుకో వెళితే ఆనందిద్దాం. కాని మన పని వారికి అప్పగించి ఇంటికి పోవద్దు. వారిని కొలవడానికి ఒకే కొలబద్ద ఉన్నది. కుర్చీకీ కార్మికుడికిచ్చిన మాటకూ పొత్తు కుదరనినాడు వారు దేనిని విడుస్తారు?

1954లో గిరి కుర్చీని విడిచారు. ఆయన పటానికి వేసే పూలమాల ఆ ఒక్క రోజుకు చెందుతుంది. మిగిలిన రోజుల భారం ఆయనదీ కాదు, మరెవరిదీ కాదు. అది మన సంఘాలది.